మగ్గం గుంట నుంచి మక్తల్ దాకా

సైకిల్ తొక్కడం నేర్చుకోవడానికి నాకు ఒక్క పూట పట్టింది. అందులో నా గొప్పేమీ లేదు. మేము రుమాళ్లు నేసేవాళ్లం. మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒక చెక్క తర్వాత ఒక చెక్క తొక్కడమే మా పని. సైకిలెక్కితే నా కాళ్లకు కొత్తగా నేర్చుకునేదేమీ కనిపించలేదు. తేడా అల్లా, మగ్గం మీద ఎంత తొక్కినా ఉన్న జాగాలోనే ఉంటాం. ఇది మాత్రం ఊరు దాటిస్తుంది. ఆ రుచి మరిగాక నన్ను ఇంట్లో పట్టి ఉంచడం మా బాపు తరం కాలేదు.

యుద్ధం వచ్చి నూలుకు కరువొచ్చింది. సర్కారు కోటా నూలు ఇట్లా వచ్చి అట్లా అయిపోయేది. మా రామన్నపేట దిక్కు మగ్గాలన్నీ నెలలో సగం రోజులు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాయి. అట్లాంటి ఖాళీ రోజుల్లోనే గుడ్డల మూటతో ఊళ్లు తిరిగే సేటు ఒకాయన మా ఇంటికొచ్చి, మక్తల్ దిక్కున నేసిన గళ్ల చీర ఒకటి విప్పి చూపించాడు. అంచు గీత గీసినట్టుంది. నేసేవాళ్లకుండే పాడు అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి చూశాను. ఒక్క ముడి కనబడలేదు. పోగు తెగకుండా ఎవరూ నేయలేరు. తెగినచోట అతుకు కనబడకుండా నేసిన చెయ్యి ఎవరిదని అడిగాను.

"నాగమ్మవ్వ మనుమరాలు శంకరమ్మది. ఇరవై నిండినయి, ఇంక సంబంధం కుదరలే" అన్నాడు సేటు.

మనిషిని చూడకముందే నాకు మనసైంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. మా బాపు అయితే ముందు నవ్వాడు, తర్వాత కసిరాడు.

"మక్తల్ యాడ, మనమేడ? పెట్రోలు లేక బొగ్గు మీద నడిచె బస్సెక్కితె సగం తొవ్వ మనమే దిగి నూకాలె. గంత దూరం ఎవలు పోతర్రా?"

"నేనే పోత బాపూ, సైకిల్ మీద."

"పిల్లను చూడనీకె పిలగాడు ఒక్కడే పోతడా? నలుగురు నవ్వరా?"

"నవ్వనీ. నవ్వెటోళ్లు వచ్చి తొక్కుతరా?"

కార్తీక పున్నమి దాటితే కర్నూలు దిక్కు నుంచి ఇంకో సంబంధం వాళ్లు వస్తున్నారని సేటు చెప్పాడు. దీపావళి వెళ్లిన వారానికి, క్యారియర్ మీద సంచీ కట్టుకొని బయల్దేరాను.

చౌటుప్పల్

మొదటి రోజు మనిషికి ఎక్కడలేని పౌరుషం ఉంటుంది. ఎడ్లబండి కనిపిస్తే దాటాలి, దాటాక వెనక్కి తిరిగి చూడాలి. చౌటుప్పల్ చేరేసరికి పౌరుషం కాళ్లలోనే ఉండి, కూర్చునే చోట మాత్రం పూర్తిగా అడుగంటింది. చాయ దుకాణంలో బల్ల చూపించి కూర్చోమంటే నిలబడే తాగుతానన్నాను. దుకాణదారుకు విషయం తెలిసిపోయింది.

"కొత్తగ తొక్కుతున్నవా అన్నా? సీటు మీద జర గోనెపట్ట మడిచి పెట్టు" అని తనే ఒక పాత గోనె ముక్క తెచ్చి కట్టాడు. చాయకు మాత్రం యుద్ధం పేరు చెప్పి అణా తీసుకున్నాడు. గోనె ఊరికే ఇచ్చి చాయ మీద రాబట్టుకున్నాడని నాకు ఇప్పటికీ అనుమానం.

ఎక్కడ ఆగినా జనం అడిగేవి అవే ప్రశ్నలు. ఏ ఊరు, ఎవలోళ్లు, యాడికి. మక్తల్ అనగానే చేతిలో పని ఆపి నన్ను కిందినుంచి మీదికి చూసేవాళ్లు. ఎందుకు అని అడిగితే మాత్రం నూలు కోసమని చెప్పేవాణ్ని. పిల్లను చూడటానికి అని చెప్పే ధైర్యం చౌటుప్పల్‌లో ఇంకా రాలేదు.

గడి ముందు

మునుగోడు దాటాక ఎర్రనేల, ఎక్కడ చూసినా గుండ్రాళ్లు, మధ్యలో కోతకొచ్చిన జొన్నచేలు. గాలి వెనకనుంచి తోస్తుంటే పాట పాడుకుంటూ ఒక ఊళ్లోకి దిగాను. ఆ ఊరి పేరు రాయను, మళ్లీ ఆ దారినే వెళ్లాల్సినవాణ్ని. ఊరి మొదట్లోనే ఒక ముసలాయన రెండు చేతులూ అడ్డంపెట్టి ఆపాడు.

"దిగు బిడ్డా, దిగు. గాడ దొర గడి ఉన్నది. చెప్పులు ఇడిచి, బండి పట్టుకొని నడువాలె. ఎక్కి పోతె ఊకోరు."

నాకు మంట పుట్టింది. ఎక్కినవాణ్ని దిగమనడానికి ఆ గడికి నా సైకిల్‌తో ఏం పని? కానీ ముసలాయన కళ్లలో భయం నా గురించే. నేను పోయాక దెబ్బలు తినేది ఆయనే కావచ్చు. దిగాను. చెప్పులు హాండిల్‌కు తగిలించాను. గడి గోడ పొడవునా నడిపించుకుంటూ పోయాను. పోతూ పోతూ బెల్ మాత్రం ఆపకుండా కొట్టాను. దిగమన్నారు గానీ బెల్ కొట్టొద్దని ఎవరూ అనలేదు. గడి గోడ దాటిందాకా కొట్టి, దాటాక ఎక్కి, ఆ తర్వాత వెనక్కి చూడకుండా తొక్కాను. వెనకనుంచి ముసలాయన నవ్వు వినబడింది. అప్పటిదాకా పడ్డ భయానికి ఆ నవ్వు మంచి మందయింది.

దేవరకొండ ముళ్లు

మా దిక్కు పల్లేరుకాయలు కాళ్లకు గుచ్చుకుంటాయి. దేవరకొండ దారిలో అవి నా కోసమే కాచుకున్నాయి. తండా దగ్గర మలుపు తిరగ్గానే ముందు చక్రం ఉస్సురంది. నేను ట్యూబు బయటికి తీసి, నీళ్ల కోసం చూస్తుంటే, అద్దాల రవికె, మోచేతుల దాకా గాజులు వేసుకున్న లంబాడామె ఒకామె నెత్తి మీద కట్టెల మోపుతో వచ్చి ఆగింది. మోపు దించి, నా అనుమతి అడక్కుండానే టైరు ఒళ్లో పెట్టుకుంది. మొలలోంచి ముల్లు తీసే చిమటా తీసి, పిల్లవాడి అరికాలు చూసినట్టు టైరును వేలితో తడిమి తడిమి ఒక్కొక్క ముల్లే లాగడం మొదలుపెట్టింది.

"దీనికి నొప్పి తెల్వది, గందుకే ఇన్ని కుచ్చుకుంది" అంది. "మాకైతె ఒక్కటి కుచ్చుకుంటెనే ఆగుతం."

అతుకు వేసి గాలి కొట్టాక డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "నూలుకు పోతున్నవా, పిల్లను చూడ పోతున్నవా?" అని అడిగింది.

"ఎట్ల తెలిసింది?"

"నూలుకు పోయెటోడు తలకు నూనె రాస్తడా?" అని మోపెత్తుకొని వెళ్లిపోయింది. అప్పటినుంచి దారిలో ఎవరడిగినా నిజమే చెప్పాను. నిజం చెప్పాక తిండి కూడా బాగా దొరికింది. పెళ్లిచూపులకు పోయేవాడికి మజ్జిగ పోయని ఊరు ఈ దేశంలో లేదు.

డిండి తొవ్వ

డిండి దగ్గర కొత్తగా కట్టిన చెరువు చూసి కాసేపు నోరు తెరుచుకొని నిలబడ్డాను. మా ఊళ్లో వానాకాలమంతా కురిసిన నీళ్లన్నీ పోసినా దాని మూలకు రావు. కాలువల మట్టిపని చేసి ఇళ్లకు తిరిగిపోతున్న పాలమూరు కూలీలు అక్కడ కలిశారు. మగా ఆడా కలిసి పెద్ద గుంపు. గడ్డపారలూ తట్టలూ గిన్నెల మూటలూ నెత్తిన పెట్టుకొని నడుస్తున్నారు. వాళ్లకు పెద్దదిక్కు మాణెమ్మ అనే ఆమె. నేను పంపుతో గాలి కొడుతుంటే చుట్టూ చేరారు.

"గాలి పెడ్తె చాలా దీనికి? ఇంకేం తినదా?" అంది మాణెమ్మ.

"ఇంకేం తినదు."

"మమ్మల్ని గూడ గట్ల పుట్టిచ్చి ఉంటె ఎంత బాగుండు! ఇంత గాలి తిని ఇంటికాడనే పండుకుందుము."

వాళ్ల నవ్వులో పడి, నెత్తిమీద మూటలు చూసి జాలిపడి, ఒక మూట క్యారియర్ మీద పెట్టమన్నాను. అది నేను చేసిన తప్పు. ఒక మూట తర్వాత ఒక మూట ఎక్కింది, హాండిల్‌కు గిన్నెలు వేలాడాయి, గడ్డపారలు కడ్డీకి కట్టారు. సైకిల్ కనబడకుండా పోయింది. వాళ్లు చేతులూపుకుంటూ ముందు నడుస్తుంటే, నేను వెనక దాన్ని తోసుకుంటూ కల్వకుర్తి దాకా పోయాను.

కూలి మాత్రం బాగానే ముట్టింది. మా ఇంట్లో జొన్నరొట్టె పల్చగా, పెద్దగా చేస్తారు. వాళ్లది మందంగా, చేతికి ఆనేలా ఉంటుంది. అందులో పల్లికారం, పచ్చి ఉల్లిగడ్డ. పల్లికాయ మా దిక్కు పండుగ పూట దొరికితే గొప్ప. వాళ్లకు అదే కూర, అదే కారం, దారిపొడవునా అదే చిరుతిండి. తింటూ తింటూ నా ప్రయాణం సంగతి చెప్పాను. మాణెమ్మది మక్తల్ పక్క ఊరేనట. నాగమ్మవ్వ పేరు వినగానే రొట్టె పక్కన పెట్టింది.

"అయ్యో అప్పా, ఆ ముసల్దాని ఇంటికా! వచ్చిన పిలగాన్నల్లా మగ్గం మీద కూసోవెడ్తది. నాలుగు పోగులు తెంపి అతకమంటది. అతుకు కండ్లవడ్డదంటె అన్నం పెట్టి సాగనంపుడే. ముగ్గుర్ని గట్లనే పంపింది."

"అతకడమే కదా, మేం పుట్టినప్పటి నుంచి చేసే పనే" అన్నాను. చాలా ధీమాగా అన్నాను. ఆ ధీమా గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది.

పాలమూరు చాయ

పాలమూరులో హోటల్లో కూర్చొని చాయ చెప్పాను. ఈసారి కూర్చోగలిగాను, అది వేరే సంతోషం. కప్పు అందుకున్నాను. పట్టుకున్నాననే అనుకున్నాను. కప్పు కిందపడి పగిలింది. నా వేళ్లు వంగి ఉన్నాయి గానీ వాటికి కప్పు ఉందన్న సంగతి తెలియలేదు.

చిటికెన వేలు గిల్లుకున్నాను. ఏమీ లేదు. చూపుడువేలు కొరికాను. ఎవరి వేలో కొరికినట్టుంది. రెండు చేతులూ అంతే. హోటల్ యజమాని, తెల్ల గడ్డం సాయిబు, పగిలిన ముక్కలు ఏరుతూ నా సైకిల్ వంక చూశాడు.

"హాండిల్‌ను దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటే గట్లనే అయితది బేటా. రాళ్ల తొవ్వ గదా, నరాలకు దెబ్బ. ఫికర్ చెయ్యకు, ఇడిచిపెడితే నాలుగైదు దినాలల్ల వస్తది."

నాలుగైదు దినాలు ఎక్కడివి? పున్నమి నెత్తిమీదికి వచ్చింది. కప్పు పైసలు తీసుకోకుండా ఆయన ఇంకో చాయ సాసర్లో పోసి ఇచ్చాడు. దాన్ని రెండు అరచేతులతో పట్టుకొని తాగాను. పోగు అతకడానికి కావలసింది వేళ్ల కొసలు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పోగును తడిపి పురి తిప్పాలి. అక్కడ ప్రాణం లేకపోతే నేను నేతగాణ్ని కాను, మామూలు సైకిల్‌వాణ్ని. ఆ రోజు దేవరకద్ర దాకా అరచేతులు ఆనించి, వేళ్లు చాపుకొని తొక్కాను. చూసినవాళ్లు ఇద్దరు ముగ్గురు నేను అందరికీ దండాలు పెడుతున్నాననుకొని తిరిగి దండం పెట్టారు.

మక్తల్

మక్తల్ దిక్కు నేల నల్లబడుతుంది. జనం మాటలో కన్నడం తొంగిచూస్తుంది. శెనిగ కారం, కుసుమ నూనె వాసన. ఇళ్లకు రాతి కప్పులు. మా దిక్కు అతిథి వస్తే ముందు కాళ్లకు నీళ్లు, తర్వాతే మాట. నాగమ్మవ్వ ఇంట్లో ముందు మాటే.

అరుగు మీద నూలు కండెలు చుడుతూ కూర్చుంది అవ్వ. సైకిల్‌నూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"నువ్వొక్కనివే వచ్చినవా? పెద్దోళ్లు లేరా?"

"ఉన్నరవ్వా. వాళ్లకు సైకిల్ ఎక్కరాదు."

లోపలినుంచి కిసుక్కున నవ్వు వినబడింది. అది శంకరమ్మదే అని నాకు వెంటనే తెలిసింది. అవ్వ మాత్రం నవ్వలేదు. లేచి నన్ను నేరుగా మగ్గం దగ్గరికి తీసుకుపోయింది. మగ్గానికి నిలువునా సాగదీసిన పడుగులోంచి నాలుగు పోగులు పట్టి పుటుక్కున తెంపింది.

"అతుకు."

ఇరుగుపొరుగు గుమ్మంలో చేరారు. గుంటలోకి కాళ్లు దించి, కొసలు తడిపి కలిపాను. పోగు జారింది. మళ్లీ కలిపాను. నా వేళ్ల మధ్య పోగు ఉందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియడం లేదు. అదీ జారింది. చెమట కళ్లలోకి దిగింది. ఇన్ని కొండలూ ముళ్లూ దాటి వచ్చి దారప్పోగు దగ్గర ఓడిపోతున్నానంటే ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నిజంగానే ఏడుపొచ్చింది.

"అన్నం పెట్టి పంపుండ్రి" అంది అవ్వ.

"అవ్వా, నాకు పని రాక కాదు. సైకిల్ తొక్కి తొక్కి చేతులకు తిమ్మిరెక్కింది."

"మునుపు వచ్చినోడు జ్వరమన్నడు. ఆనికి ముందలోడు కండ్లు మసకలన్నడు. నీకు సైకిలా?"

 గుంటలోంచి లేవబోతుంటే శంకరమ్మ బయటికొచ్చింది. పొడుగ్గా, చామనఛాయగా, నేననుకున్నదానికంటే కోపంగా ఉంది. ఆ కోపం నా మీద కాదు.

"లేవకు" అంది నాతో. తర్వాత అవ్వ దిక్కు తిరిగింది. "పోగులు నేనతుకుత. ఆయన నేస్తడు. నేసుడు చూసి చెప్పు."

"నడుమ నువ్వెవతివే?"

"సంసారం చేసేది నేనే గద అవ్వా."

గుమ్మంలో ఎవరో "గదీ మాట" అన్నారు. ఆమె పడుగు పక్కకొచ్చి కూర్చుంది. వేళ్లు ఒకసారి ఇట్లా కదిలాయి, అంతే. పోగు ఎక్కడ తెగిందో నాకే తెలియలేదు. సేటు చూపించిన చీర కళ్లముందు మెదిలింది. అప్పుడు తొక్కడం మొదలుపెట్టాను. పోగును అటూ ఇటూ ఉరికించే నాడె తాడు లాగడానికి పిడికిలి చాలు, వేళ్ల కొసలతో పనిలేదు. ఇక కాళ్లంటారా, రామన్నపేట నుంచి వచ్చిన కాళ్లవి. ఆ మగ్గం ఆ ఇంట్లో అంత హుషారుగా ఎప్పుడూ ఆడి ఉండదు. ఎక్కడైనా పోగు తెగితే నేను చూసేలోపే ఆమె అతికేది.  జానెడు గుడ్డ దిగింది.

అవ్వ వంగి గుడ్డ అడుగున బొటనవేలు పెట్టి రాసింది. చాలాసేపు రాసింది. లేచేటప్పుడు చూస్తే ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"గుడ్డకేం, మంచిగనే ఉంది" అంది మెల్లగా. "తల్లి పోయిన పిల్ల. నా పక్కల పండుకొని పెరిగింది. మీ ఊరు యాడుందో గూడ నాకు తెల్వదు. ఒక్కపారి పోతె మళ్ల నా కండ్లవడ్తదా?"

ముగ్గురు పిల్లగాళ్లు ఎందుకు తిరిగిపోయారో అప్పుడర్థమైంది. వాళ్ల అతుకులు బాగాలేకపోయి ఉండొచ్చు. బాగున్నా బాగున్నాయని ఈమె ఒప్పుకునేది కాదు. ఆమెను చూస్తే నా చేతుల బాధ మర్చిపోయాను.

"నేను తీసుకొస్త అవ్వా. బస్సుతో పనిలేదు, ఎవరి బండీ అడుక్కునే పనిలేదు. గీ సైకిల్ మీదనే ఎనుక కూసోవెట్టుకొని తెస్త."

అవ్వ కళ్లు తుడుచుకుంది. బయటికి నడిచింది. సంచీ విప్పి కింద పడేసి, క్యారియర్‌ను రెండు చేతులతో ఒత్తి చూసింది.

"గింత సన్నం రేకు మీద మనిషి కూసుంటదా?"

"కూసుంటది."

"పట్టుకో మరి."

మేమంతా వద్దు వద్దంటుండగానే చీర కుచ్చిళ్లు ఎగదోపి క్యారియర్ ఎక్కింది. నేను సీటెక్కగానే నా నడుం చుట్టూ చెయ్యి వేసింది. "నూకు" అంది. వీధి పొడవునా ఊరంతా వెంటపడింది. అవ్వ కొడుకు, అంటే శంకరమ్మ నాయిన, చేతులు చాపుకొని పక్కన ఉరికాడు. గుంట వచ్చినప్పుడల్లా అవ్వ "అమ్మో" అనడం, నేను ఆపబోవడం, ఆమె వీపు మీద గుద్ది "ఆపకు" అనడం. ఊరి చివర మలుపు తిరిగి మళ్లీ ఇంటిముందు దించాను. అవ్వ నడుం పట్టుకొని కాసేపు వంగి నిలబడింది. అందరూ ఆమె నోటివంక చూస్తున్నారు.

"నడుము ఇరిగింది" అంది. తర్వాత కొడుకు దిక్కు తిరిగి, "ఐనా పిల్ల కూసుంటది. అయ్యగారిని పిలువు, పెండ్లికి మంచి దినం చూస్తడు."

మర్నాడు నేను బయల్దేరే ముందు అవ్వ లోపలికెళ్లి తన పాత బొంత తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి క్యారియర్ మీద పరిచి, తాడుతో తనే బిగించి కట్టింది. చెయ్యి పెట్టి ఒత్తి చూసి, ఇంకో మడత వేసి, మళ్లీ కట్టింది. శంకరమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ ఉంది. 

తిరుగుదారిలో పాలమూరులో, డిండిలో, దేవరకొండలో, చౌటుప్పల్‌లో అందరూ అదే అడిగారు. మెత్తటి జాగా ఉండగా సంచీ భుజానికి ఎందుకు తగిలించుకున్నావని. భుజం ఒరుసుకుపోయి మండుతూనే ఉంది. ఇంటిదాకా సంచీ భుజం మీదే మోసుకొచ్చాను. ఆ బొంత మీద ఇంకేదీ పెట్టబుద్ధి కాలేదు.